జూలైలో వచ్చిన ఉల్లంకులు

జూలై నెలలో, దుబాయ్‌కి పైనున్న ఉమ్ అల్ కువైన్‌లో ఖోర్ ఒడ్డున నిలబడడం బుద్ధున్న మనిషి చేసే పని కాదు. పొద్దున ఏడింటికే ఎండ చెంప ఛెళ్ళుమనిపిస్తుంది. ఉక్కకు కళ్ళజోడు మీద ఆవిరి పట్టి లోకం కనపడదు. అయినా మహీధర్ నిలబడేవాడంటే అతని ఉద్యోగమే అది. సముద్రం నేల లోపలికి చొచ్చుకొచ్చిన పాయను ఇక్కడివాళ్ళు ఖోర్ అంటారు. ఆ ఖోర్ పక్కన ఒక కంపెనీ విల్లాలూ హోటలూ కడుతోంది. కట్టుకోండి గానీ వలస వచ్చే పక్షులకు మేత తగ్గకూడదని సర్కారు షరతు పెట్టింది. అందుకని కంపెనీ ఒక మూల బురదనేలను అలాగే వదిలేసి, రోడ్డు గట్టు కింద నీటి గేటు పెట్టి, పక్షుల సంగతి చూసుకోవడానికి ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ చదివిన మహీధర్‌ని పెట్టుకుంది. పేరు ఎన్విరాన్‌మెంట్ ఆఫీసరు. చేసేది పక్షుల్ని లెక్కపెట్టడం. అత్తారింట్లో ఈ ముక్క విడమరిచి చెప్పడానికి అతనికి పెళ్ళయిన చాలాకాలం దాకా ధైర్యం చాల్లేదు.

గేటు ఎత్తి దించేది ఇమామ్ హుస్సేన్. సూళ్ళూరుపేట మనిషి, పులికాట్ గాలి పీల్చి పెరిగినవాడు, మహీధర్ కన్నా పదేళ్ళు పెద్ద. పోటుకు నీళ్ళను లోపలికి రానివ్వడం, ఆటుకు బయటికి పోనివ్వడం అతని పని. సమయానికి గేటు ఎత్తకపోతే నీళ్ళు నిలిచిపోయి బురద తేలదు. బురద తేలకపోతే అందులోని పురుగులు పక్షుల ముక్కులకు అందవు. చెప్పుకోవడానికి ఇంతే. కానీ పోటు ఆఫీసు వేళలు పాటించదు కదా, రోజుకింత చొప్పున వెనక్కి జరుగుతూ పోతుంది. ఇమామ్ హుస్సేన్ తన తిండీ నిద్రా కూడా దాంతోపాటే జరుపుకుంటూ పోయేవాడు.

అంతకు ముందు అతను దుబాయ్‌లో అల్ ఖూజ్ గోడౌన్లలో ఏళ్ళ తరబడి పికప్పులకు లోడెత్తి నడుం పాడుచేసుకున్నాడు. ఈ గేటు పని దొరికాక కంపెనీ ఒక గది ఇచ్చింది. అజ్మాన్‌లో ఒక స్కూల్లో ఆయా ఉద్యోగం చూసుకుని భార్య ఫాతిమాబీ కూడా వచ్చి చేరింది. పెళ్ళయిన నాటి నుంచి సెలవుల్లో తప్ప కలిసి కాపురం చేయని మొగుడూ పెళ్ళాలు వాళ్ళు. ఇప్పుడు రోజూ పొద్దున్నే టీ దగ్గర పోట్లాడుకుంటున్నామని ఇమామ్ హుస్సేన్ గర్వంగా చెప్పుకునేవాడు.

కోవిడ్ గొడవ సద్దుమణిగిన తర్వాత రెండో ఏడు, జూలై మూడో వారంలో, ఇమామ్ హుస్సేన్ ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మన్నాడు. మహీధర్ షార్జా నుంచి కారులో వచ్చి చూస్తే బురద కనపడలేదు. బురదంతా పక్షులే. ఆ నెలలో అక్కడ మహా అయితే పదో పాతికో ఉంటాయి. ఆ రోజు వందల్లో ఉన్నాయి, అన్నీ ఇటుకపొడి పూసుకున్నట్టు ఎర్రగా. ఉల్లంకులు. ఇంగ్లీషులో వాటికి పొడుగు పేరుంది గానీ, ఇమామ్ హుస్సేన్ పులికాట్‌లో నేర్చుకున్న పేరే మహీధర్ నోటికీ అలవాటైంది. పిడికెడు పిట్ట, కిందికి వంగిన ముక్కు. చలికాలమంతా బూడిదరంగులో ఉండి, గూళ్ళు పెట్టే రుతువులో మాత్రం ఈ ఎరుపు తొడుక్కుంటుంది.

ఈ పిట్టలు పుట్టేది సైబీరియా పైకొసన, చెట్టన్నది మొలవని టండ్రాలో. అక్కడ ఎండాకాలమంటే జూన్‌లో మంచు కరిగింది మొదలు ఆగస్టులో మళ్ళీ చలి పడేదాకా, అంతే. ఆ కాస్త గడువులోనే నాచు మీద నాలుగు గుడ్లు పెట్టాలి, పొదగాలి, పిల్లలు దోమల్నీ పురుగుల్నీ ఏరుకుతిని రెక్కలు తెచ్చుకోవాలి. మగవాటికి కాపురం నాలుగు రోజుల ముచ్చట. జత కట్టడం కాగానే గుడ్ల మొహం కూడా చూడకుండా దక్షిణానికి ఎగిరొచ్చేస్తాయి. కాబట్టి జూలైలో కాసిని మగవి కనపడితే వింతేం లేదు. ఆడవి మాత్రం పిల్లల్ని ఓ దారికి తెచ్చి ఆగస్టులో గానీ ఇటు రావు. పిల్లలు వాటి వెనకాల సెప్టెంబరులో, దారి చెప్పే పెద్దదిక్కు లేకుండా, వాటంతటవే వస్తాయి.

మహీధర్ టెలిస్కోపుకి కన్ను ఆనించాడు. పొడుగు ముక్కులు, పొట్ట మీద ఎరుపులో కలిసిన తెల్ల చారలు కనపడ్డాయి. ఒకటీ అరా కాదు, గుంపులో సగానికి సగం అలాంటివే. ఆడవి. ఈపాటికి టండ్రాలో పిల్లల్ని రెక్కల కింద దాచుకుని కూర్చోవాల్సినవి ఇక్కడ మండే బురదలో పురుగులు ఏరుతున్నాయి. చదువుకున్న చదువు లోపల ఎక్కడో గిల్లింది. గూడు పోయిన తల్లికి అక్కడ ఇంకేం పని, ముందే బయల్దేరి వచ్చేస్తుంది. మహీధర్ ఆ మాట పూర్తిగా అనుకోబోతుండగా ఇమామ్ హుస్సేన్ పక్కనే నిలబడి, "అంతా మన గేటు చలవ సార్" అన్నాడు. ఆ మొహంలో సంతోషం చూశాక పిల్లలు, గూళ్ళు, సైబీరియా అన్నీ ఎందుకులే అనిపించింది. పక్షులు రావాలని కదా జీతం ఇస్తున్నారు, వచ్చాయి.

అలా అనిపించడం వరకూ మనిషన్నాక ఎవరికైనా జరుగుతుంది. ఆ తర్వాత ఊరుకోవడమే మహీధర్ చేసిన పని.

జనరల్ మేనేజరు తౌసీఫ్ సాబ్‌కి కబురందింది. ఆయనది హైదరాబాద్ మలక్‌పేట. దుబాయ్ వచ్చి ముప్ఫై ఏళ్ళయినా సన్మానాల పిచ్చి వదల్లేదు. ఎవరికైనా ప్రమోషన్ వస్తే శాలువా, ఎవరైనా రిటైరైతే శాలువా, కంపెనీ క్రికెట్ టీము రెండో స్థానంలో నిలిచినా శాలువా. శాలువాలు కొనడానికి మీనా బజార్‌లో ఆయనకంటూ ఒక కొట్టే ఉంది. ఇక కంపెనీ నేల మీదకి ఎన్నడూ లేనంత ముందుగా, ఎన్నడూ లేనన్ని పక్షులొస్తే ఊరుకుంటాడా. వారం తిరక్కుండా ఒడ్డున టెంటు వేయించాడు, కూలర్లు పెట్టించాడు, బిర్యానీ చెప్పాడు. కంపెనీ యజమాని, అందరూ మాలిక్ అని పిలిచే అరబ్బు పెద్దమనిషి, స్వయంగా వచ్చాడు. టెలిస్కోపులో చాలాసేపు చూసి మురిసిపోయాడు. తర్వాత మహీధర్ వైపు తిరిగి హిందీలో ఒక్కటే అడిగాడు, ఇవన్నీ మనం చేసిన పని చూసే వచ్చాయా అని.

మహీధర్ అవునన్నాడు.

అంత ఎండలో ఇమామ్ హుస్సేన్ భుజాల మీద జరీ అంచు శాలువా కప్పారు. చెమటలు కారుతున్నా అతను దాన్ని తియ్యలేదు, తిన్నంతసేపూ కప్పుకునే ఉన్నాడు. గేటు చక్రం మీద చెయ్యి వేయించి ఫొటో తీశారు. అది ఫాతిమాబీ ఫోన్లోంచి సూళ్ళూరుపేట వెళ్ళి, అక్కడి నుంచి ఎన్ని ఫోన్లు తిరిగిందో లెక్కలేదు. మహీధర్‌ని సస్టైనబిలిటీ హెడ్‌ని చేశారు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని పెద్దాఫీసులో అద్దాల గది ఇచ్చారు. భార్య ఉమామహేశ్వరి అదే పార్క్‌లో ఒక షిప్పింగ్ కంపెనీలో పనిచేస్తుంది. మా ఆయన పిట్టల్ని లెక్కపెడతాడని చెప్పలేక ఇన్నాళ్ళూ మాట దాటేసే మనిషి, ఇప్పుడు మధ్యాహ్నం డబ్బా పట్టుకుని ఆ అద్దాల గదికే వచ్చి తినడం మొదలుపెట్టింది.

ఆగస్టులో గలీనా దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. గలీనా రష్యన్, పక్షుల కాళ్ళకు రింగులు వేసి వదిలే పని. రెండు చలికాలాలు ఈ ఖోర్‌లోనే మహీధర్‌తో కలిసి వల వేసింది. ఎండాకాలం మాత్రం సైబీరియాలో, చుట్టుపక్కల మనిషన్నవాడు లేని చోట, గుడారం వేసుకుని ఉంటుంది. సీజను అయిపోయి సిగ్నలున్న ఊరు చేరాక అందరికీ కబుర్లు రాస్తుంది.

ఆ ఏడు రాసిన కబురు చావు కబురే. మంచు ఎంతకీ కరగలేదట. కరిగాక చూస్తే నేల మీద లెమ్మింగులు లేవట. లెమ్మింగంటే అక్కడి ఎలుక లాంటిది. కొన్నేళ్ళకొకసారి కుప్పలు తెప్పలుగా పుట్టి, ఆ తర్వాత ఉన్నట్టుండి కనపడకుండా పోతుంది. అవి ఉన్న ఏడు నక్కలకు కడుపు నిండా తిండి, పక్షి గూళ్ళ జోలికి పెద్దగా రావు. లేని ఏడు వాటికి గుడ్లే గతి. గలీనా గుర్తుపెట్టుకున్న గూళ్ళన్నీ జూన్ దాటకుండానే ఖాళీ అయ్యాయట. నక్కలు వదిలేసినవి ఏవైనా ఉంటే వాటిని వేటపక్షులు ఏరుకున్నాయి. ఎలాగో పొదిగిన నాలుగైదు గూళ్ళలో పిల్లలు బయటికి రాగానే చలివాన పట్టుకుంది. పురుగు లేవలేదు, పిల్లలు బతకలేదు. తల్లులు ఎప్పుడో వెళ్ళిపోయాయి, మీ దగ్గరికే వచ్చుంటాయి, ఈ సెప్టెంబరులో పిల్లల కోసం ఎదురుచూడకు అని రాసింది. జూలైలో మీ దగ్గర ఆడవి కనపడ్డాయా అని చివర్న అడిగింది.

మహీధర్ ఆ ప్రశ్నకు జవాబు రాయలేదు. ఫోన్ బోర్లించి పెట్టి, అద్దంలోంచి కనపడే పార్కింగు వైపు చూస్తూ కూర్చున్నాడు. గుండెల్లో రాయి పడిందని అంటాం కదా, అలా ఒక్కసారిగా ఏమీ పడలేదు. జూలై నుంచీ ఉన్న రాయే అది. ఇప్పుడు బరువు తెలిసింది.

సెప్టెంబరులో గేటు చక్రానికుండే గేరుబాక్సు బిగుసుకుపోయింది. ఇమామ్ హుస్సేన్ ఆ రోజే చెప్పాడు. దాన్ని విప్పి అల్ ఖూజ్‌లోని వర్క్‌షాపుకి పంపారు. కొత్త భాగం కొనడానికి తౌసీఫ్ సాబ్ సంతకం కావాలి, ఆయన సెలవులో హైదరాబాద్ వెళ్ళి ఉన్నాడు. వారం పైన లోపలి నీళ్ళు లోపలే నిలిచిపోయాయి. ఇమామ్ హుస్సేన్ ఊరుకోలేక ఒక అద్దె పంపు పట్టుకొచ్చి ఓ పక్క బురదన్నా తేలేట్టు చేశాడు. గేటు బాగయ్యాక నీళ్ళు మామూలుగానే పోయాయి, బురద మామూలుగానే తేలింది. పిల్లపక్షులు మాత్రం రాలేదు. అక్టోబరు వచ్చింది, నవంబరు వచ్చింది. ఇతర ఏళ్ళలో ఆ నెలల్లో పిల్లలొచ్చి కలిసి గుంపు పెరిగేది. ఈసారి జూలైలో వచ్చినవే, ఎరుపు రాలి బూడిదరంగుకు తిరిగి, అలా తిరుగుతున్నాయి. ఖోర్‌లో సగం నేల ఖాళీ.

సర్కారు తనిఖీవాళ్ళు వచ్చి పక్షులేవని అడిగారు. మాలిక్ తౌసీఫ్ సాబ్‌ని అడిగాడు. తౌసీఫ్ సాబ్ మహీధర్‌ని పిలిచాడు.

ఆయన చెప్పింది చాలా సూటిగా ఉంది. జూలైలో మన పని బాగుంది కాబట్టి పక్షులొచ్చాయి, సెప్టెంబరులో గేటు చెడి నీళ్ళు నిలిచాయి కాబట్టి రాలేదు. గేటు చూసుకునేది ఇమామ్ హుస్సేన్, కాబట్టి తప్పు అతనిది. అతన్ని ఇంటికి పంపేసి, పంపేశామని సర్కారుకి చెబితే వ్యవహారం ఖలాస్. సంతకం లేక ఆగిపోయిన కొత్త భాగం సంగతి ఆయన ఎత్తలేదు. పక్షుల సంగతి తెలిసినవాడుగా నువ్వు ఔనని ఒక్క మాట రాసిస్తే చాలు అన్నాడు. మహీధర్ ఒక్క రోజు గడువు అడిగి బయటపడ్డాడు.

ఇంటికెళ్ళే దారిలో ట్రాఫిక్‌లో నిలిచిపోయి ఆలోచిస్తే అతనికి ఒక మధ్యేమార్గం తోచింది. పిల్లలు రాకపోవడానికి కారణం టండ్రా అని చెబుదాం. జూలై సంగతి కదపకుండా వదిలేద్దాం. ఇమామ్ హుస్సేన్ గేటూ ఉంటుంది, తన అద్దాల గదీ ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. ఉమామహేశ్వరికి మొత్తం పూసగుచ్చినట్టు చెప్పి, ఈ ఉపాయం కూడా చెప్పాడు. ఆవిడ కూర తరుగుతున్నదల్లా ఆపి విన్నది.

"మీ సాబ్‌కి అంతమాత్రం బుర్ర లేదనుకున్నారా?" అంది. ఆవిడకీ ఆ అద్దాల గది ఇష్టమే, దాన్ని వదులుకోమని నోరారా చెప్పడం సులువేమీ కాదు. చివరికి అంది, "నాకా గది కావాలనే ఉందండీ. లేదని అబద్ధం చెప్పను. కానీ ఫాతిమాబీ అజ్మాన్‌లో ఒక్కతీ ఉండి, ఆయన సూళ్ళూరుపేటలో ఉంటే మాత్రం నేనా గదికొచ్చి అన్నం తినలేను."

మర్నాడు తౌసీఫ్ సాబ్ గదిలో మహీధర్ అనుకున్నట్టే మొదలుపెట్టాడు. లెమ్మింగులు లేవన్నాడు, నక్కలు గుడ్లు తిన్నాయన్నాడు, చలివాన గురించి చెప్పాడు. గలీనా రాసిందంతా ఫోన్లో చూపించాడు. గేటు బాగున్నా ఈ ఏడు పిల్లలు వచ్చేవి కావు, ఎందుకంటే పుట్టనే లేదు అని ముగించాడు. తౌసీఫ్ సాబ్ శ్రద్ధగా విన్నాడు. ఆయన తెలివితక్కువ మనిషేం కాదు, ఉమామహేశ్వరి చెప్పింది నిజమే.

"అంటే సెప్టెంబర్‌ల రానివి అక్కడి మంచువల్ల," అన్నాడు.

"అవును సాబ్."

"మరి జూలైల వచ్చినవి ఎవరివల్ల, మహీధర్ భాయ్?"

జూలై వేరు సాబ్ అనే మాట మహీధర్ నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే అద్దాల గది నిలుస్తుంది. కానీ రావడం మన గొప్ప అయితే రాకపోవడం మన తప్పు కావలసిందే, దానికి ఎవడో ఒకడు బలి కావలసిందే. అప్పుడు గేటు ఎత్తేవాడు తప్ప ఇంకెవడు దొరుకుతాడు. ఇంత తేలిక లెక్క నిన్న ట్రాఫిక్‌లో తనకు ఎందుకు తట్టలేదో అతనికి అర్థం కాలేదు. తట్టకూడదనుకున్నాడు కాబట్టి తట్టలేదు.

"అవీ అక్కడి మంచువల్లే సాబ్. మన పని చూసి రాలేదు. గూళ్ళు పోగొట్టుకున్న తల్లులు అవి. పిల్లలు బతికుంటే జూలైలో ఇక్కడ కనపడేవే కావు. అన్ని పక్షులు అంత ముందుగా రావడమంటేనే అక్కడ అంతా పాడైందని అర్థం. నేను ఆ రోజు చూశాను, నాకు అనుమానం వచ్చింది. మాలిక్ అడిగితే అవునన్నాను."

తౌసీఫ్ సాబ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాడు మహీధర్. ఆయన మొహంలో కోపం కన్నా అలసట ఎక్కువ కనపడింది.

"టెంట్ ఏపిచ్చిన. బిర్యానీ పెట్టిచ్చిన. మాలిక్‌ను ఎండల నిలబెట్టిన," అన్నాడు. "ఇది నా నోటితోని నేను చెప్పలేను. నువ్వే వచ్చి చెప్పు. యల్లా, లే."

మాలిక్ ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి పట్టింది ఒక కప్పు గహ్వా, అదే అరబ్బు కాఫీ, తాగేంత సేపు. ఆయన మధ్యలో అడ్డు చెప్పలేదు. అంతా విని, ఈ మాట జూలైలో ఎందుకు చెప్పలేదని అడిగాడు. అందరూ సంతోషంగా ఉన్నారు, నాకూ సంతోషంగానే ఉండింది అన్నాడు మహీధర్, అంతకన్నా మంచి జవాబు దొరక్క. మాలిక్ అరబ్బీలో తౌసీఫ్ సాబ్‌తో ఏదో మాట్లాడాడు. గేటు మనిషి జోలికి పోవద్దు. ఈ పిల్లవాడిని మళ్ళీ ఖోర్‌కే పంపించు, అక్కడ లెక్కలు బాగానే పెడతాడు. సర్కారుకి జవాబు రాసేందుకూ ఆ పెద్ద కుర్చీలోకీ వేరే మనిషిని చూడు. కారులో వెనక్కి వస్తూ తౌసీఫ్ సాబ్ ఇదంతా తెలుగులో విప్పి చెప్పాడు. ఉద్యోగం ఊడనందుకు సంతోషించమన్నాడు. మహీధర్ సంతోషించడానికి ప్రయత్నించాడు.

అటు నుంచి అటే అతను గేటు దగ్గరికి వెళ్ళాడు. ఇమామ్ హుస్సేన్ గట్టు మీద సిమెంటు దిమ్మె నీడన కూర్చుని ఉన్నాడు. తనని పంపించేస్తారన్న పుకారు అప్పటికే లేబర్ క్యాంపుల్లో పాకి అతని చెవిదాకా వచ్చింది. ఫాతిమాబీ రెండు రోజులుగా పొయ్యి సరిగా వెలిగించడంలేదు. ముందు అదేం లేదు, మీ పని ఎక్కడికీ పోదు అని చెప్పాడు మహీధర్. ఇమామ్ హుస్సేన్ రెండు చేతులూ మొహానికి అద్దుకుని అల్‌హందులిల్లా అన్నాడు. వెంటనే ఫాతిమాబీకి ఫోన్ చేసి నాలుగు ముక్కల్లో చెప్పి పెట్టేశాడు. మహీధర్ లేచి వెళ్ళిపోయి ఉంటే కథ అక్కడికి సుఖంగా ముగిసేది. కానీ ఎందుకు పోదో కూడా చెప్పాలి కదా. చెప్పాడు. టండ్రా, నక్కలు, తల్లులు, జూలై, తన అనుమానం, మాలిక్‌తో అన్న అవును, అన్నీ.

ఇమామ్ హుస్సేన్ వింటున్నకొద్దీ మొహం మారుతూ వచ్చింది.

"అంటే సార్, పిల్లల్ని పోగొట్టుకొని వచ్చినోళ్ళ ముందర మనం టెంటేసుకొని బిర్యానీ తిన్నామా?"

మహీధర్ అవునన్నాడు.

"మీకు ఆ పొద్దే తెలుసునా?"

"అనుమానం వచ్చింది ఇమామ్ భాయ్. నోరు మూసుకున్నాను. తప్పు నాదే."

ఇమామ్ హుస్సేన్ బురద వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేదనిపించింది మహీధర్‌కి. మా ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను సార్, నా చేతికి ఉల్లంకులు వచ్చినాయని, అన్నాడు ఇమామ్ హుస్సేన్. పికప్పులకు లోడెత్తిన ఇన్నేళ్ళలో ఇది నేను చేసినానని చూపించేదానికి అదొక్కటే ఉండింది అన్నాడు. గొంతులో ఏడుపు లేదు. ఉన్నమాట చెబుతున్నట్టే చెప్పాడు. తర్వాత మహీధర్ మొహంలోకి సూటిగా చూశాడు.

"అవి వచ్చేదీ మంచువల్లే, రానిదీ మంచువల్లే అంటుండారు. అయితే సార్, నేను గేటెత్తినా ఎత్తకపొయినా ఒకటేనా?"

అతన్ని కాపాడాననే అనుకుంటూ వచ్చాడు మహీధర్. ఉద్యోగం నిలబెట్టిన మాటే ఆ ఉద్యోగంలో ఉన్న గౌరవాన్ని పీకేసింది. ఇంకోసారి మంచిమాటలు చెప్పి బుజ్జగిద్దామా అంటే, జూలైలో చేసింది అదే. అందుకని తనకు నిజమని తెలిసినంత వరకే చెప్పాడు. వచ్చిన తల్లులు ఇక్కడ ఈకలు రాల్చుకుని కొత్తవి తెచ్చుకుంటాయి, ఏప్రిల్ దాకా ఈ బురదలో తిని కొవ్వు పట్టిస్తాయి, ఆ బలంతోనే మళ్ళీ సైబీరియా దాకా ఎగురుతాయి. వచ్చే ఏడు లెమ్మింగులున్నా, మంచు పెందలాడే కరిగినా, గుడ్లు పెట్టడానికి తల్లంటూ అక్కడికి చేరాలి. ఈ ఏడు పిల్లలు లేవు, ఉన్నవి ఇవే. ఇవి ఇక్కడ ఆకలితో పోతే మళ్ళీ పెట్టేవాళ్ళు లేరు. అక్కడ ఏమవుతుందో మన చేతిలో లేదు, ఇక్కడ తిండి దొరకడం మాత్రం గేటు చేతిలో ఉంది. సెప్టెంబరులో మీరు అద్దె పంపు తెచ్చి పెట్టారు చూశారా, అది లెక్కలోకి వచ్చే పని అన్నాడు.

ఇమామ్ హుస్సేన్ అంతా విన్నాడు. నమ్మాడో లేదో మొహంలో తెలియలేదు. ఒకసారి మోసపోయిన మనిషి మళ్ళీ అంత సులువుగా నమ్మడు, నమ్మమని అడిగే హక్కు మహీధర్‌కీ లేదు. గట్టు అవతల నీళ్ళు అప్పటికే వెనక్కి తీయడం మొదలుపెట్టాయి. లోపలి నీళ్ళ అంచున ఉల్లంకులు, ఆ జూలైవే, ఒంటికాలి మీద నిలబడి బురద తేలేదాకా కాచుకుని ఉన్నాయి.

"ఈ మాట ముందే చెప్పగూడదా సార్," అంటూ ఇమామ్ హుస్సేన్ మోకాళ్ళ మీద చేతులూనుకుని లేచాడు. "మాటల్లో పడి ఆలస్యమైపొయింది. పాపం, ఆకలిగొని నిలబడుండాయి."

గబగబా వెళ్ళి చక్రం పట్టుకున్నాడు.